జీఆర్‌ఈ మళ్ళీ రాయాలా, క్వాంట్ 161తో ఆపేయాలా?

సాంఖ్య_26:

అందరికీ నమస్కారం. స్టాటిస్టిక్స్‌లో ఎమ్మెస్‌కి అప్లై చేస్తున్నాను. పోయిన వారం పీజీ అడ్మిషన్ల కోసం అడిగే జీఆర్‌ఈ పరీక్ష రాశాను. క్వాంట్ (లెక్కలు) 161, వర్బల్ (ఇంగ్లిష్) 156. రైటింగ్ మార్కులు ఇంకా రాలేదు.

ఇంట్లో టైమ్ పెట్టుకుని రాసిన రెండు పవర్‌ప్రెప్ (జీఆర్‌ఈ వాళ్ళిచ్చే ప్రాక్టీస్) టెస్టుల్లో క్వాంట్ 166, 167 వచ్చాయి. అందుకే స్క్రీన్ మీద 161 చూడగానే కాళ్ళూ చేతులూ ఆడలేదు. రెండో క్వాంట్ సెక్షన్‌లో గ్రాఫుల ప్రశ్నల దగ్గర చాలా సేపు పట్టింది, చివరి ప్రశ్నలకు చదవకుండానే ఏదో ఒకటి నొక్కాల్సి వచ్చింది.

ఇప్పుడు అక్టోబర్ మధ్యలో ఉన్నాం. డిసెంబర్ 15 నుంచి డెడ్‌లైన్లు మొదలు. ఉద్యోగం చేస్తూనే ఇదంతా. ఎస్‌ఓపీ (ఈ కోర్సు ఎందుకు చదవాలనుకుంటున్నానో చెప్పే వ్యాసం) మొదటి డ్రాఫ్టే అయింది, మూడో రికమండేషన్ లెటర్ ఎవరిని అడగాలో తేల్చుకోలేదు. నేను ఎంచుకున్న ఏడు ప్రోగ్రాముల్లో మూడింటికి జీఆర్‌ఈ తప్పనిసరి, రెండింటికి ఆప్షనల్, మిగతా రెండూ అసలు చూడవు. మళ్ళీ రాస్తే ఇంకా తగ్గుతుందేమోనని నాన్నగారి భయం. నిజం చెప్పాలంటే నాకూ అదే టెన్షన్. ఏం చేయమంటారు?

వినీల్_ఆర్:

తగ్గుతుందన్న భయం మాత్రం వదిలేయండి. స్కోర్‌సెలెక్ట్ ఉంది కాబట్టి ఏ రోజు రాసిన స్కోరు పంపాలో మీరే ఎంచుకోవచ్చు, తక్కువ వచ్చింది వాళ్ళకు కనిపించదు. అన్ని స్కోర్లూ పంపమని ఏ యూనివర్సిటీ అయినా అడుగుతోందేమో ఒక్కసారి చూసుకోండి. ఒక టెస్టుకీ మరో టెస్టుకీ మధ్య 21 రోజులు గడవాలి, 12 నెలల్లో ఐదుసార్ల దాకా రాయొచ్చు. మీకు టైమ్ ఉంది. రాసేయండి.

భారతి_స్టాట్స్:

సాంఖ్య గారూ, నేను స్టాటిస్టిక్స్‌లోనే పీహెచ్‌డీ చేశాను. అప్లై చేసే ముందు నా జూనియర్లు ఇదే ప్రశ్నతో వస్తుంటారు. అందరికీ రాయమని చెప్పను. మీరు మాత్రం రాయాలి.

161 చిన్న మార్కనుకుని ఈ మాట అనడం లేదు. క్వాంట్‌లో అందరూ బాగా చేస్తారు కాబట్టి అక్కడ 160 అంటే పర్సంటైల్ (మన కన్నా తక్కువ వచ్చినవాళ్ళ శాతం) సగం దగ్గరే ఉంటుంది. వర్బల్‌లో అదే 160కి ఎనభై దాటుతుంది. లెక్కలే ఆధారమైన సబ్జెక్టుకు వెళ్తున్నారు కాబట్టి మీ ఫైల్లో ముందు కళ్ళు పడేది క్వాంట్ మీదే. అయినా ఒక్క మాట. మీకు ప్రాక్టీసులో కూడా 161, 162 వచ్చి ఉంటే నేను వద్దనేదాన్ని. రెండు మూడు మార్కులు ఏ కారణం లేకుండానే అటూ ఇటూ అవుతాయి, వాటి కోసం నెల పోగొట్టుకోకూడదు. మీకు తేడా ఐదారు మార్కులు, పైగా కారణం మీకే తెలుసు. సబ్జెక్టు రాక తగ్గలేదు, టైమ్ చాలక తగ్గింది. అది నెలలో సరిచేసుకోగలిగిన విషయం.

2023 సెప్టెంబర్‌లో పరీక్షను రెండు గంటల లోపుకి కుదించాక ఈ ఇబ్బంది పెరిగింది. రెండో క్వాంట్ సెక్షన్‌లో 26 నిమిషాలకు 15 ప్రశ్నలు. ప్రశ్నలు తగ్గాయి కాబట్టి ఒక్కో ప్రశ్న బరువు పెరిగింది. మొదటి సెక్షన్ బాగా చేస్తే రెండోది కఠినంగా వస్తుంది కూడా. గ్రాఫుల ప్రశ్నలు వచ్చినప్పుడు మార్క్ చేసి ముందుకు వెళ్ళిపోండి. అదే సెక్షన్‌లో వెనక్కి రావచ్చు, తప్పు జవాబుకు మార్కులు పోవు. తేలికైన ప్రశ్న చివర్లో చదవకుండా మిగిలిపోవడమే అసలు నష్టం. రోజూ ఇంత అని గంటలు లెక్కపెట్టకండి, ఆఫీసు నుంచి వచ్చాక ఒక్క పూర్తి సెక్షన్ గడియారం పెట్టుకుని చేయండి, ఏ ప్రశ్నకు ఎంతసేపు పట్టిందో రాసుకోండి. అంతకు మించి కొత్త పుస్తకాలేవీ వద్దు.

వర్బల్‌ని పూర్తిగా వదిలేయకండి. ఒక రోజు క్వాంట్, ఇంకో రోజు వర్బల్ కలిపి పంపే వీలు లేదు. ఏ రోజుది ఆ రోజుదే మొత్తం వెళ్తుంది.

మౌనిక_ఎల్:

భారతి గారు చెప్పింది కాదనను, కానీ నా భయం వేరు. మూడో రికమండేషన్ ఇంకా తేలలేదన్నారు కదా, నాకు అది 161 కన్నా పెద్ద సమస్యగా కనిపిస్తోంది. నేను అప్లై చేసిన ఏడాది మా ప్రొఫెసర్ ఒకరు లెటర్ ఇవ్వడానికి నెల పైనే తీసుకున్నారు. మీరు నవంబర్ చివర్లో అడిగితే, మిమ్మల్ని బాగా ఎరిగినవారు ఒప్పుకున్నా తీరిగ్గా రాయలేరు. జీఆర్‌ఈ చూడని ఆ రెండు చోట్లా మిమ్మల్ని నిలబెట్టేవి ఎస్‌ఓపీ, లెటర్లే. ముందు ఆ మెయిల్ పంపండి, తర్వాతే స్లాట్ బుక్ చేయండి.

సాంఖ్య_26:

ముగ్గురికీ ధన్యవాదాలు. మౌనిక గారు చెప్పినట్టు మెయిల్ ఇప్పుడే పంపాను. మల్టీవేరియేట్ స్టాటిస్టిక్స్ పాఠం చెప్పిన మేడమ్‌ని అడిగాను, ఆవిడ దగ్గరే నా ప్రాజెక్టు. నవంబర్ 15కి స్లాట్ ఖాళీ ఉంది. స్కోరు డెడ్‌లైన్‌కి అందుతుందా? ఇంకో సంగతి, పరీక్ష చివర్లో స్కోరు రిపోర్ట్ చేయాలా, క్యాన్సిల్ చేయాలా అని అడుగుతారు కదా, బాగా రాయలేదనిపిస్తే క్యాన్సిల్ నొక్కాలా?

భారతి_స్టాట్స్:

అందుతుంది. అఫీషియల్ స్కోర్లు 8 నుంచి 10 రోజుల్లో వస్తాయి, యూనివర్సిటీకి చేరడానికి ఇంకొన్ని రోజులు ఉంచుకున్నా సరిపోతుంది. క్యాన్సిల్ మాత్రం నొక్కొద్దు. మార్కులు చూపించకముందే అడుగుతారు అది. మనసులో బాగా రాయలేదనిపించిన రోజునే మంచి స్కోరు వచ్చినవాళ్ళున్నారు. రిపోర్ట్ నొక్కండి, పంపాలో వద్దో తర్వాత చూసుకోవచ్చు. మేడమ్‌కి మీ ప్రాజెక్టు రిపోర్టు, డెడ్‌లైన్ల పట్టిక కూడా ఈ వారమే పంపండి.