గ్రీకులు ఊరిడిసింది కరువుకేనా?

ప్రశ్న (దేవరకొండ): గ్రూప్స్ గైడుల "జనాభా పెరిగింది, భూమి చాలలేదు, అందుకే గ్రీకులు వలసరాజ్యాలు స్థాపించారు" అని ఒక్క లైన్‌ల తేల్చిన్రు. అంటే మన పాలమూరు వలస లాంటిదేనా? లేకుంటే బ్రిటిషోళ్లు ఇక్కడ చేసినట్టా?

జవాబు 1: రెండూ కాదు తమ్మీ. మనకు 'వలస' అన్న ఒక్క మాటే రెండిటికీ వాడుకల ఉండుడుతోని వచ్చిన తిరకాసు ఇది. పాలమూరు కూలి మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకొని పోతడు, ఇల్లూ చెల్కా ఊర్లనే ఉంటయి, పండుగకు తిరిగొస్తడు. గ్రీకుల 'అపోయికియా' (సొంత ఊరిడిసి దూరంల కట్టుకున్న కొత్త ఊరు) అట్ల కాదు, పోయినోళ్లు అక్కడోళ్లే అయితరు. కొత్త ఊరికి సొంత చట్టం, సొంత పౌరసత్వం. తల్లి ఊరితో మిగిలేది చాలావరకు పూజలు, పండుగల బంధమే. బయల్దేరే ముందు డెల్ఫీ గుడిల అపోలో దేవుణ్ని అడుగుడు, నాయకుణ్ని ఎంచుకొనుడు, దిగినంక భూమి పంచుకొనుడు, ఇదీ వరస.

జవాబు 2: కరువు సంగతికి ఉత్తర ఆఫ్రికాల, ఇప్పటి లిబియాల గ్రీకులు కట్టిన కిరీనిని మించిన ఉదాహరణ లేదు. పాత గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ రాసిన ప్రకారం థేరా (ఇప్పటి శాంటొరిని) అనే గ్రీకు దీవిల ఏడేండ్లు చినుకు లేదు, ఒక్కటి తప్ప చెట్లన్నీ ఎండినయి. అన్నదమ్ముల్ల ఒకరిని చీటీ వేసి తీసి, బాటస్ నాయకత్వంల యాభై తెడ్ల ఓడలు రెండింట్ల పంపిన్రు. అంటే తెడ్లు వేసేటోళ్లే వందమంది. ముందు లిబియా ఒడ్డుకున్న ప్లాటియా దీవిల దిగిన్రు, రెండేండ్లున్నా కలిసిరాలేదు. దానికెదురుగా ఒడ్డు మీద అజిరిస్‌ల ఇంకో ఆరేండ్లు. ఆఖరికి లిబియన్లే వాళ్లను ఇంకో తావుకు తోలుకపోయిన్రు. దారిల అన్నిటికన్నా మంచి జాగా కండ్లవడకుండ రాత్రిపూట దాటించిన్రు. ఊట దగ్గర ఆగి, "ఇక్కడుండుండ్రి, ఇక్కడ ఆకాశానికి చిల్లువడ్డది" అన్నరట. వాన కోసం మొగులు దిక్కు చూసే మనకు ఆ మాట ఇట్టే అర్థమైతది. కిరీని పుట్టింది అక్కడనే, సుమారు క్రీ.పూ. 630ల.

జవాబు 3: కానీ అన్నిటికీ కరువే కారణమని రాస్తే తప్పైతది. ఇటలీ పక్కనున్న పిథెకూసై దీవికి క్రీ.పూ. 8వ శతాబ్దంల పోయినోళ్లను లాగింది వ్యాపారం. అక్కడ ఇనుము కరిగించిన చిట్టెం దొరికింది. స్పార్టాల పూర్తి పౌరసత్వం దక్కనోళ్లు పోయి దక్షిణ ఇటలీల టారస్ (ఇప్పటి టారంటో) ఊరు కట్టిన్రు. ఇప్పటి టర్కీ ఒడ్డున ఉన్న గ్రీకు ఊరు ఫోకేయా వాళ్లది ఇంకో కథ: పర్షియన్లు ముట్టడిస్తే పెండ్లాం పిల్లలతో ఓడలెక్కిన్రు, ఇనుప ముద్దను సముద్రంల పడేసి "ఇది తేలేదాకా తిరిగిరాము" అని ఒట్టువెట్టిన్రు. సగం మందికి పైగా ఊరి మీద మనసాగక వెనక్కే మళ్లిన్రు. 'భూమి చాలలేదు' అన్నది కూడా విప్పి రాయాలె. తండ్రి భూమి కొడుకులందరికీ సమంగా పంచితే తరం తరానికి చెల్క చిన్నగైతది, మంచి నేలేమో పెద్ద కులీనుల చేతుల్ల ఉంటది.

ప్రశ్న (దేవరకొండ): చీటీల పేరొచ్చినోడు పోనంటే? పోయినోడు తిరిగొస్తే?

జవాబు 2: కిరీనిల దొరికిన క్రీ.పూ. 4వ శతాబ్దపు శాసనంల ఉన్నది: పోనంటే మరణశిక్ష, ఆస్తి జప్తు. దాచిపెట్టిన తండ్రికి, అన్నదమ్ములకూ అదే శిక్ష. అయిదేండ్లు కష్టపడ్డా నిలదొక్కుకోకపోతే తిరిగొచ్చి తమ భూములు తీసుకోవచ్చు. అందులోని మాటలు ఎంత పాతవన్న దాని మీద పండితుల్ల వాదం నడుస్తనే ఉన్నది. హెరొడోటస్ మాత్రం వేరే తీరు చెప్తడు: లిబియాకు పోయి ఏం చెయ్యాల్నో తెల్వక వెనక్కొచ్చిన ఓడలను థేరా జనం ఒడ్డుకు రానియ్యలేదు, దాడి చేసి మళ్లీ తోలిన్రు.