ఫిజియో అసిస్టెంట్ల పరీక్షకి పేపర్ తయారుచేయమన్నారు, ప్రశ్నలు ఎక్కడి నుంచి తీయాలి?

శ్రీకాకుళం_బీపీటీ

అందరికీ నమస్కారం. నేను బీపీటీ (ఫిజియోథెరపీ డిగ్రీ) చేసి పదకొండేళ్లయింది, శ్రీకాకుళంలో ఏడు రోడ్ల జంక్షన్‌కి దగ్గర్లో చిన్న క్లినిక్ ఉంది. ఫిజియోథెరపీ అసిస్టెంట్ కోర్సు నడిపే ఒక సెంటర్ వాళ్లు (పేరు వద్దులెండి) ఈసారి ఆఖరి పరీక్షకి పేపర్ నన్ను తయారుచేయమన్నారు. చూసుకోమని పాత పేపర్లు ఇచ్చారు. చూశాక నవ్వాలో ఏడవాలో తెలీలేదు. భుజం చుట్టూ ఉన్న కండరాలు ఎక్కడ పుట్టి ఎక్కడ అతుక్కుంటాయో రాయండి, అల్ట్రాసౌండ్ మెషిన్‌లో స్ఫటికం ఎలా పనిచేస్తుందో వివరించండి, అన్నీ ఇవే. నేను బీపీటీలో బట్టీ పట్టినవి ఎత్తి అక్కడ పెట్టేశారు.

ఇందులో నూటికి ఎనభై పైన తెచ్చుకున్న అమ్మాయి ఒకతె నా దగ్గర చేరింది. మొదటి వారమే, పక్షవాతం వచ్చిన పెద్దాయన్ని మంచం మీంచి లేపడానికి ఆ పడిపోయిన చెయ్యే పట్టుకుని లాగింది. భుజం జారుతుందని తనకి తెలీదు. తప్పు ఆ అమ్మాయిదని నేను అనను, ఆ ప్రశ్న తనని ఎవరూ అడగలేదు కదా.

అమెరికాలో లైసెన్సు పరీక్ష పెట్టేముందు, కొత్తగా చేరినవాళ్లు నిజంగా ఏయే పనులు చేస్తున్నారో సర్వే చేసి, దాన్నిబట్టి పేపర్ తయారుచేస్తారని విన్నాను. అది ఎలా చేస్తారు? ఇక్కడ ఇద్దరు ముగ్గురం కూర్చుని చేయగలిగిందేనా? నాకు రెండు నెలలు టైముంది.

నెల్లిమర్ల_అబ్బాయి

సార్, నాది నెల్లిమర్ల, ఇప్పుడు టెక్సాస్‌లో పీటీగా, అంటే ఫిజియోథెరపిస్టుగా చేస్తున్నాను, నా కింద ఇద్దరు అసిస్టెంట్లు. ఇక్కడ పరీక్ష పేరు ఎన్‌పీటీఈ. రాష్ట్రాల బోర్డులన్నీ కలిసి పెట్టుకున్న సమాఖ్య ఒకటుంది, ఎఫ్ఎస్‌బీపీటీ అంటారు, వాళ్లు నడుపుతారు. పీటీలకి ఒక పేపరు, అసిస్టెంట్లకి వేరే పేపరు. 2024 జనవరి నుంచి అసిస్టెంట్లది 180 ప్రశ్నలు, నాలుగు గంటలు. అందులో 140కే మార్కులు, మిగతా 40 ముందు ముందు వాడదామని పరీక్షించి చూసుకునేవి, అవి ఏవో రాసేవాళ్లకి తెలీదు. స్కోరు 200 నుంచి 800 మధ్య ఇస్తారు, 600 పాస్.

మీరు విన్నది నిజమే, దాన్ని ప్రాక్టీస్ అనాలిసిస్ అంటారు. ముందు అనుభవం ఉన్నవాళ్లు కొందరు కూర్చుని అసిస్టెంటు చేసే పనులన్నీ, వాటికి కావలసిన జ్ఞానం అంతా ఒక్కో వాక్యంగా రాసుకుంటారు. ఆ జాబితాని దేశమంతా పనిచేస్తున్నవాళ్లకి పంపి, ఈ పని మీరు చేస్తారా, కొత్తగా లైసెన్సు వచ్చినవాళ్లకి ఇది ఎంత అవసరం అని అడుగుతారు. వచ్చిన జవాబులనిబట్టి ఏ విభాగం నుంచి ఎన్ని ప్రశ్నలో తేలుతుంది. కండరాలు, ఎముకలు, నరాల కేసులకే ఎక్కువ వాటా వస్తుంది, ఆ తర్వాత గుండె, ఊపిరితిత్తులు. పరికరాలకి, రోగి భద్రతకి విడిగా ప్రశ్నలుంటాయి.

ఇక్కడ ఒక సంగతి మీకు చాలా ముఖ్యం అనుకుంటాను. అసిస్టెంట్ కొత్త రోగిని మొదటిసారి పరీక్షించి చూడకూడదు, ట్రీట్‌మెంట్ ప్లాన్ వేయకూడదు, అవి పీటీ పనులు. తను కొలతలు తీయాలి, రాసిచ్చిన ప్లాన్ ప్రకారం చేయించాలి, ఏదైనా తేడా కనిపిస్తే ఆపి చెప్పాలి. జాబితాలో పీటీ పని ఒక్కటి దూరినా పేపర్ మొత్తం పక్కకి పోతుంది. మీ పాత పేపర్ల జబ్బు అదే.

కొలతల_మేష్టారు

విజయనగరంలో స్టాటిస్టిక్స్ చెప్పి రిటైరయ్యాను, పరీక్షలంటే నాకు పిచ్చి, కాబట్టి కొంచెం పొడుగు రాస్తాను, విసుక్కోకండి.

జాబితా పంపి “ఇది ముఖ్యమా” అని అడిగితే జనం అన్నిటికీ ముఖ్యమే అని టిక్కు కొట్టేస్తారు, ఎవరైనా తన ఉద్యోగంలో సగం పని పనికిరానిదని ఒప్పుకుంటాడా? అందుకే రెండు ప్రశ్నలు విడివిడిగా అడగండి: ఎంత తరచుగా చేస్తారు, తప్పు చేస్తే రోగికి ఎంత నష్టం. ఒక్క తరచుదనం చూసుకుంటే మీ పేపర్ నిండా వేడి కాపడం, కరెంటు పెట్టడమే ఉంటాయి. ఆపరేషన్ అయిన రోగికి పిక్క వాచి వేడిగా ఉండటం నెలకోసారి కనిపిస్తుందేమో, రక్తం గడ్డకట్టిందేమో అని అనుమానించకుండా పిక్క మర్దనా చేస్తే మాత్రం ప్రాణం మీదకి వస్తుంది. ఈ రెండు అంకెల్నీ కళ్లు మూసుకుని గుణించేయకండి కూడా, అరుదైనదైనా ప్రాణానికి సంబంధించింది పేపర్లో ఉండి తీరాలి.

ఇంకో చిట్కా. జాబితాలో అసలు లేని పని ఒకటి, లేని మెషిన్ పేరుతో, కలిపేయండి. రోజూ చేస్తున్నాం అని దానికీ టిక్కు పెట్టినవాళ్ల కాగితాలు పక్కన పెట్టేయొచ్చు. నవ్వులాటగా ఉంటుంది గానీ బాగా పనిచేస్తుంది.

ఇక పాస్ మార్కు. మనకి చిన్నప్పటి నుంచి 35 అనే అంకె రక్తంలో కలిసిపోయింది. ఎందుకు 35, ఎందుకు 40 కాదు, ఎవరూ అడగరు. యాంగాఫ్ అనే ఆయన 1971లో రాసిన ఒక పద్ధతి ఉంది, లైసెన్సు పరీక్షల్లో ఇప్పటికీ వాడతారు. ఆ పనిలో అనుభవం ఉన్నవాళ్లు ఐదారుగురు కూర్చుని, గొప్పవాడు కాదు, మొద్దూ కాదు, ఉద్యోగంలో పెట్టుకోవడానికి సరిగ్గా సరిపోయే కొత్తవాళ్లు వందమందిని ఊహించుకుంటారు. ఈ ప్రశ్నకి ఆ వందలో ఎంతమంది సరైన జవాబిస్తారు? ఒకరు 70 అంటారు, ఒకరు 85 అంటారు, వాదించుకుంటారు, సగటు తీస్తారు. అన్ని ప్రశ్నల సగట్లూ కూడి వందతో భాగిస్తే అదే పాస్ మార్కు. 50 ప్రశ్నలకి 34 రావచ్చు, 39 రావచ్చు, పేపర్ కష్టాన్నిబట్టి మారుతుంది. ఆ వాదన జరుగుతున్నప్పుడే చెత్త ప్రశ్నలు బయటపడతాయి, నన్నడిగితే అసలు లాభం అదే.

ఉద్దానం_అసిస్టెంట్

నేను మూడేళ్లుగా అసిస్టెంట్‌ని సార్. సోంపేట, కవిటి, పలాస వైపు ఇళ్లకి వెళ్లి చేస్తుంటాను. ఇంగ్లీషు సర్వేల గురించి నాకు తెలీదు గానీ నా పని నాకు తెలుసు, కోర్సులో చెప్పనివి రాస్తున్నాను.

మా వైపు కిడ్నీ జబ్బు సంగతి మీకందరికీ తెలిసిందే. డయాలిసిస్ కోసం చేతికి ఫిస్టులా (చేతిలో రెండు రక్తనాళాలు కలిపి కుట్టడం) వేసుకున్నవాళ్లు నా పేషెంట్లలో ఎప్పుడూ ఒకరిద్దరు ఉంటారు. ఆ చేతికి బీపీ పట్టీ కట్టకూడదు. నాకు ఈ మాట చెప్పింది మా సార్లు కాదు, ఒక పేషెంటు భార్య. “ఆ సెయ్యి ముట్టుకోకమ్మా” అని గదమాయించింది. డయాలిసిస్ అయిన రోజు లేపి నిలబెడితే కళ్లు తిరిగి పడిపోతారు, ముందు కూర్చోబెట్టి బీపీ చూడాలి. టెక్సాస్ సార్ జాబితాలో ఇది ఎన్నో నంబరో గానీ ఇక్కడ మొదటి పదిలో ఉండాలి.

ఇక తుంటి కీలు మార్చే ఆపరేషన్ అయినవాళ్లు. కొందరికి డాక్టర్ గారు తొంభై డిగ్రీలు దాటి వంగొద్దు, కాలు మీద కాలు వేయొద్దు అని రాస్తారు. ఇంటికెళ్తే నేల మీద కూర్చునే దొడ్డి, నేల మీదే భోజనం. కుర్చీలో రంధ్రం కోసి బకెట్ పెట్టించడం నేను ఒక వడ్రంగి దగ్గర నేర్చుకున్నాను. జీడిపప్పు ఒలిచే ఆడవాళ్లు రోజంతా కిందే కూర్చుంటారు, వాళ్ల మోకాళ్లకి కుర్చీలో చేసే ఎక్సర్‌సైజు కాగితం ఇస్తే దాంతో విసురుకుంటారు.

షుగరు ఉన్నవాళ్లకి కాపడం పెట్టేముందు అరికాలికి స్పర్శ ఉందో లేదో చూడాలి. అందరూ “కరెంటెట్టమ్మా, కాపడమెట్టమ్మా” అంటారు, పెట్టకపోతే పని చేయలేదంటారు. వద్దని చెప్పి ఒప్పించడం కూడా పనే కదా సార్, దానికి మార్కులు ఎలా వేస్తారు?

సూటిగా_చెప్తా

అంతా బాగుంది గానీ, బొబ్బిలి నుంచి ఒక చేదు మాట. మీరు మంచి పరీక్ష పెడతారు, ఆ సర్టిఫికెట్ ఫ్రేము కట్టించి, ఏడాది తిరక్కుండానే “ఫిజియో డాక్టర్” అని బోర్డు పెట్టేస్తారు. మా వీధిలోనే ఉన్నాడు ఒకడు. 2021లో అలైడ్ అండ్ హెల్త్‌కేర్ ప్రొఫెషన్స్ చట్టం వచ్చింది, చదివారా? అలైడ్ (వైద్యానికి తోడుగా పనిచేసే) ప్రొఫెషనల్ అనిపించుకోవాలంటే రెండు నుంచి నాలుగేళ్లలో కనీసం 2000 గంటల చదువు, హెల్త్‌కేర్ ప్రొఫెషనల్ అనిపించుకోవాలంటే మూడు నుంచి ఆరేళ్లలో 3600 గంటలు. లైసెన్సు పరీక్ష పెట్టే అధికారం ఆ చట్టం కింద ఏర్పడే జాతీయ కమిషన్‌ది, మీ సెంటర్‌ది కాదు. ఇంతకీ మీ కోర్సు ఎన్ని గంటలు?

నెల్లిమర్ల_అబ్బాయి

కోపంగా అన్నా మాట కరెక్టే. ఇక్కడ అసిస్టెంట్ అంటే గుర్తింపు ఉన్న కాలేజీలో రెండేళ్ల అసోసియేట్ డిగ్రీ, ఆ పైన ఈ పరీక్ష, ఆ పైన కూడా పీటీ పర్యవేక్షణలోనే. పరీక్ష ఒక్కటే పట్టుకుని మిగతాది వదిలేస్తే సగం వంతెన కట్టినట్టే.

శ్రీకాకుళం_బీపీటీ

సూటిగా గారూ, కోర్సు ఏడాదిది, గంటలు లెక్కేస్తే 2000కి చాలవు. కాబట్టి దీన్ని లైసెన్సు పరీక్ష అని నేను ఎక్కడా అనను, కోర్సు ముగింపు పరీక్ష అంతే. సర్టిఫికెట్ మీద “ఫిజియోథెరపిస్టు పర్యవేక్షణలో మాత్రమే” అని తెలుగులో పెద్ద అక్షరాలతో వేయమని సెంటర్ వాళ్లని అడిగాను, మొహాలు మాడ్చుకున్నారు. వేయకపోతే పేపర్ ఇవ్వను.

నిన్న రాత్రి జాబితా మొదలుపెట్టాను. మొదట 140 వాక్యాలు వచ్చాయి, నెల్లిమర్ల తమ్ముడు చెప్పాడని పీటీ పనులన్నీ కొట్టేస్తే 83 మిగిలాయి. ఫిస్టులా చెయ్యి, స్పర్శ చూడటం, నేల మీంచి లేపడం కలిపాను. అబ్బే, మొదటిసారి నాకు ఒక్కటీ తట్టలేదు, పదకొండేళ్లుగా చేయిస్తున్నాను గదా! మేష్టారి దొంగ మెషిన్‌కి మా ఆవిడ పేరు పెట్టింది, అది ఇక్కడ చెప్పను, రేపు సర్వే నింపేవాళ్లు ఇది చదువుతారేమో.

ఉద్దానం అమ్మా, ఒప్పించడానికి రాత పేపర్లో మార్కులు వేయలేం. ఒకరు పేషెంటులా కూర్చుని “కాపడమెట్టు” అని గోల చేస్తారు, పిల్లలు వాళ్లకి చెప్పి ఒప్పించాలి, ఇద్దరు చూసి మార్కులు వేస్తారు, అలా ప్రాక్టికల్ పెడతాను. గోల చేసేవాళ్లుగా నువ్వు వస్తావా? బస్సు ఛార్జీ నాది.

ఉద్దానం_అసిస్టెంట్

వస్తాను సార్. ఆదివారమైతే పెట్టండి, మిగతా రోజులు ఇళ్లకి వెళ్లాలి. మా పేషెంట్లు నిజంగా ఎలా గోల చేస్తారో అచ్చంగా అలాగే చేస్తాను, పిల్లలు ఏడిస్తే నన్ననకండి.