అప్‌డేట్: జొహానెస్‌బర్గ్ నుంచి పక్షుల టూర్, గైడ్ కావాలా?

గడ్డిభూములు, చిత్తడినేలలు, బుష్‌వెల్డ్ (చెట్లూ పొదలూ కలిసిన అడవి ప్రాంతం) మూడూ చూడాలంటే అన్నిచోట్లా గైడ్ అవసరమా అని అడిగాను కదా, వెళ్లొచ్చాం. నా లెక్కలో గైడ్ డబ్బులు పెట్టాల్సింది గడ్డిభూములున్న వాకర్‌స్ట్రూమ్‌లోనే. అక్కడ రడ్స్ లార్క్ కోసం జనం ఎక్కడెక్కడి నుంచో వస్తారు, కానీ అది పొట్టిగడ్డిలో కలిసిపోయే గోధుమరంగు పిట్ట, ఎగురుతూ పాడితే తప్ప మనకు ఆనదు, పైగా ఆ గడ్డి చాలావరకు రైతుల సొంత భూముల్లో ఉంటుంది కాబట్టి ఏ గేటు తీయొచ్చో లోకల్ గైడ్‌కే తెలుస్తుంది. దక్షిణాఫ్రికా జాతీయపక్షి బ్లూ క్రేన్ కూడా ఆయనే చూపించాడు.

చిత్తడినేలలున్న మారీవేల్‌కి గైడ్ అక్కర్లేదు. నీళ్ల ఒడ్డున హైడ్‌లు (పక్షులకు కనబడకుండా కూర్చుని చూసే గుడిసెలు) ఉన్నాయి, బైనాక్యులర్స్ పట్టుకుని కూర్చోవడమే.

నిల్స్‌వ్లే బుష్‌వెల్డ్‌లో లైలాక్ బ్రెస్టెడ్ రోలర్‌ని చూడగానే అమ్మ "అరె, మన పాలపిట్ట!" అంది. దగ్గర చుట్టమేలెండి, రెండూ ఒకే ప్రజాతి. నవంబర్-ఫిబ్రవరి మధ్య వెళ్లేవాళ్లు తెల్లారకముందే బయల్దేరండి, మధ్యాహ్నం ఉరుముల వాన ఎప్పుడు పట్టుకుంటుందో చెప్పలేం.