ఫోన్‌లో 90, ల్యాప్‌టాప్‌లో 6: వైఫై ఎక్కడ చస్తోంది?

పర్లాకిమిడి పెరటిగది:
అందరికీ నమస్కారం. మాది పర్లాకిమిడి, కంపెనీ విశాఖలో, నెలకోసారి వెళ్లి మొహం చూపించి వస్తే చాలు, మిగతాదంతా ఇంటి నుంచే. ఇంటికి ఫైబర్ వేయించాను, 100 ఎంబీపీఎస్ ప్లాన్. మాది పాతకాలం పొడుగిల్లు, వీధరుగు, సావిడి, నట్టిల్లు, వంటిల్లు, ఆ తర్వాత పెరటివైపు నా గది. రౌటర్ సావిడిలో. అక్కడ ఫోన్‌లో స్పీడ్ చూస్తే 90 వస్తోంది, నా గదిలో ల్యాప్‌టాప్‌లో చూస్తే 6, మహా అయితే 8. సాయంత్రం ఏడు దాటితే మరీ ఘోరం, మీటింగులో నా గొంతు ముక్కలు ముక్కలుగా వినిపిస్తోందట, మా మేనేజర్ గారు నూతిలోంచి మాట్లాడుతున్నావా అని అడిగారు. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే మొదట ఒడియా, తర్వాత హిందీ, చివరికి వాళ్లు చెప్పింది మాత్రం రౌటర్ ఆపి ఆన్ చెయ్యమని. చేశాను, ఒకరోజు బాగుంటుంది, మర్నాడు మళ్లీ మామూలే. ల్యాప్‌టాప్ 2017లో కొన్నది. ఏం చెయ్యాలి?

బరంపురం బాబాయ్:
ప్లాన్ 200కి మార్చుకో బాబూ. 100 ఈ రోజుల్లో ఎవరికి సరిపోతుంది.

రాయగడ రిపేరు:
బాబాయ్ గారూ, ఏమీ అనుకోకండి గానీ ఆ 200 పెట్టిస్తే నెలకి డబ్బులు పోతాయి, ఆ గదిలో 6 మాత్రం 6గానే ఉంటుంది. ఫోన్‌లో 90 వచ్చిందంటే లైను ఇంటి దాకా బాగానే వస్తోంది, చస్తున్నది ఇంటి లోపలే ఎక్కడో.

తమ్ముడూ, నువ్వు ఒక పొరపాటు చేశావు. ఫోన్ సావిడిలో చూసి, ల్యాప్‌టాప్ పెరటిగదిలో చూశావు. రెండూ ఒకేచోట పెట్టి చూడాలి, లేకపోతే తప్పు గోడలదో ల్యాప్‌టాప్‌దో ఎలా తెలుస్తుంది? నా కొట్టుకి వచ్చేవాళ్లలో సగంమంది ఇలాగే చెప్తారు. ముందు ల్యాప్‌టాప్ తీసుకెళ్లి రౌటర్ పక్కన కూర్చుని చూడు, ఫోన్ తెచ్చి నీ గదిలో చూడు. తర్వాత కమాండ్ ప్రాంప్ట్ తెరిచి రౌటర్ అడ్రస్‌కి పింగ్ కొట్టు, అంటే చిన్న పలకరింపు పంపి జవాబు ఎంతసేపట్లో వస్తుందో చూడటం, చాలావాటికి 192.168.1.1 ఉంటుంది, అది కాకపోతే రౌటర్ అడుగున స్టిక్కర్ మీద చూడు. అక్కడిదాకానే వందలు వందల మిల్లీసెకన్లు చూపిస్తే ఇక బయటి లైనుని తిట్టక్కర్లేదు. వైఫై ప్రాపర్టీస్‌లో బ్యాండ్, ఛానెల్, లింక్ స్పీడ్ అని మూడు ఉంటాయి, అవి రాసి పెట్టు. ల్యాప్‌టాప్‌కి ఏమేం తగిలించి ఉన్నాయో అదీ చెప్పు. ఇంకోటి, రౌటర్ సరిగ్గా ఎక్కడ పెట్టావు? సావిడి అంటే సరిపోదు.

పాతపట్నం గట్టు:
నాకు వీళ్ల బాధ తెలుసు, మా ఊరికీ పర్లాకిమిడికీ మధ్య ఎంత దూరమని, అయినా ఫోన్ ఇటు నడిస్తే ఆంధ్రా టవర్, అటు నడిస్తే ఒడిశా టవర్ పట్టుకుంటుంది. వైఫైకి ఆ గొడవ లేదనుకున్నాను, దానికీ సరిహద్దులున్నాయన్నమాట, వంటింటి గోడ దగ్గర.

పర్లాకిమిడి పెరటిగది:
చేశానన్నా. సావిడిలో ల్యాప్‌టాప్‌కి 11. పెరటిగదిలో ఫోన్‌కి 22. రౌటర్‌కి పింగ్ ఒకసారి 3, ఒకసారి 340, మధ్యలో టైమ్‌డ్ ఔట్. బ్యాండ్ 2.4 గిగాహెర్ట్జ్, ఛానెల్ 4, లింక్ స్పీడ్ 19 అంటోంది, సావిడిలో అయితే 72. ల్యాప్‌టాప్‌కి ఒక యూఎస్‌బీ హబ్ ఉంది, ఒక పోర్టుని చాలా పోర్టులు చేసేది, దానికి ఆఫీసు ఫైళ్లకని బయటి హార్డ్‌డిస్క్ ఎప్పుడూ తగిలించే ఉంటుంది, వైర్‌లెస్ మౌస్ రిసీవరూ అందులోనే. రౌటర్ సావిడిలో ఇనప బీరువా మీద ఉంది, పిల్లలకి అందకుండా అమ్మ పెట్టించింది.

రాయగడ రిపేరు:
బంగారం లాంటి వివరాలు ఇచ్చావు. నీది ఒక జబ్బు కాదు, మూడు కలిసి వచ్చాయి, ఒక్కొక్కటీ చెప్తాను.

మొదటిది ఆ హార్డ్‌డిస్క్. నీలం రంగు యూఎస్‌బీ 3 పోర్టు, ఆ కేబులు, ఆ హబ్బు, ఇవి పనిచేస్తున్నప్పుడు 2.4 గిగాహెర్ట్జ్ చుట్టుపక్కల గోల పెడతాయి, ఇంటెల్ వాళ్లే 2012లో దీని మీద పేపర్ వేశారు. ల్యాప్‌టాప్ యాంటెన్నా దగ్గరగా ఉంటే రౌటర్ మాట దానికి వినపడదు. గుళ్లో మైకు పక్కన నిలబడి ఫోన్ మాట్లాడినట్టు. రౌటర్ పక్కన కూర్చున్నా 11 వచ్చిందని రాశావు చూడు, అక్కడే నాకు అనుమానం వచ్చింది. హబ్ మొత్తం పీకి మళ్లీ చూడు. మౌస్ ఒక్కోసారి ఆగి ఆగి కదులుతోందా? అదీ ఇందువల్లే, అది కూడా 2.4లోనే నడుస్తుంది.

రెండోది ఛానెల్. 2.4లో ఒకదానికొకటి తగలనివి మూడే, 1, 6, 11. ఒకే ఛానెల్ మీద ఉన్న రౌటర్లు ఒకదాని మాట ఒకటి విని వంతులు వేసుకుంటాయి, కొళాయి దగ్గర బిందెల వరసలాగా, ఆలస్యమైనా నీ వంతు వస్తుంది. నువ్వు 4 మీద ఉన్నావంటే 1 వరసా 6 వరసా రెండూ నీ మీద పడి తోస్తాయి. మీ వీధిలో ఇళ్లన్నీ గోడకి గోడ కదా, సాయంత్రం అందరి టీవీలూ ఆన్ అయ్యాక నీ గొంతు ముక్కలవడానికి అదీ కారణమే. కరెంటు పోయి వచ్చినప్పుడో, కస్టమర్ కేర్ చెప్పారని నువ్వు ఆపి ఆన్ చేసినప్పుడో, ఛానెల్ ఆటోమేటిక్‌గా పెట్టి ఉన్న రౌటర్ మళ్లీ ఏదో ఛానెల్ ఎంచుకుంటుంది, ఒకరోజు బాగుండటం అదృష్టమే తప్ప రిపేరు కాదు. ఫోన్‌లో వైఫై ఎనలైజర్ యాప్ వేసుకుని మూడింట్లో ఏది ఖాళీగా ఉందో చూసి రౌటర్లో అదే ఖాయం చెయ్యి. ఛానెల్ వెడల్పు 40 మెగాహెర్ట్జ్ ఉంటే 20కి తగ్గించు, ఇరుకు వీధిలో పెద్ద బండి ఎందుకు.

మూడోది చేదు మాట. రౌటర్ పక్కన కూడా లింక్ 72 దాటలేదంటే నీ ల్యాప్‌టాప్‌లో ఒంటి యాంటెన్నా కార్డు ఉంది, వైఫైకి ఉన్న ఇంకో బ్యాండ్, 5 గిగాహెర్ట్జ్, బహుశా దానికి కనపడనే కనపడదు. 72 అనేది కాగితం మీది లెక్క, చేతికి వచ్చేది అందులో సగం కాస్త అటూ ఇటూ. దానికి 90 రాదు, రౌటర్‌ని నెత్తిన పెట్టుకున్నా రాదు.

బీరువా సంగతి మర్చిపోయాను. ఇనుము సిగ్నల్‌ని తిప్పికొడుతుంది, అది నీ గదివైపు అడ్డంగా ఉంటే దించెయ్యి. అమ్మగారికి నా నమస్కారాలు.

బరంపురం బాబాయ్:
ఇంత ఉందా. నేను నిరుడు ప్లాన్ రెట్టింపు చేయించాను, ఏమీ తేడా రాలేదు, సిగ్గుపడి ఎవరికీ చెప్పలేదు. మా ఇంట్లో రౌటర్ టీవీ వెనకాల ఉంది, ఇప్పుడే లేచి తీస్తున్నాను.

పర్లాకిమిడి పెరటిగది:
అన్నా, హబ్ తీశాను, సావిడిలో 11 కాస్తా 41 అయింది! నమ్మలేక మళ్లీ తగిలించి చూశాను, 12కి పడింది, తీశాను, లేచింది, మా చెల్లి నవ్వుతోంది ఏం ఆట ఇదని. రౌటర్‌ని బీరువా మీంచి దించి నట్టింటి గుమ్మం పైన మేకుకి తగిలించాను, ఛానెల్ 11 ఖాయం చేశాను. ఇప్పుడు పెరటిగదిలో 24, రాత్రి ఎనిమిదికి చూసినా 17కి తగ్గలేదు. నిన్న మీటింగులో ఎవరూ నూతి మాట ఎత్తలేదు. కానీ హార్డ్‌డిస్క్ లేకుండా నాకు పని జరగదు, దానికేం చెయ్యాలి? 5 గిగాహెర్ట్జ్ అడాప్టర్ కొంటే ఈ గదికి అందుతుందా?

రాయగడ రిపేరు:
డిస్క్‌కి పొడుగు కేబుల్ వేసి ల్యాప్‌టాప్‌కి దూరంగా పెట్టు, కాస్త తగ్గుతుంది. యూఎస్‌బీ 2 పోర్టు ఉంటే, చాలావాటిలో నల్లగా ఉంటుంది, దానికి తగిలించు, ఫైళ్లు నెమ్మదిగా పోతాయి కానీ ఆ గోల ఉండదు. అడాప్టర్ కొంటే 5కి ఈ డిస్క్ బాధ తగలదు, మాట నిజమే, కాకపోతే 5 గోడలు దాటడంలో 2.4 కన్నా బలహీనం. మీ గోడలు ఎంత మందం?

పర్లాకిమిడి పెరటిగది:
ఇప్పుడే స్కేలు పెట్టి చూశాను, గుమ్మం దగ్గర 22 అంగుళాలు. సున్నం గోడలు. మా తాతగారు కట్టించినవి కావు, ఆయన తాతగారివి.

రాయగడ రిపేరు:
అయితే అడాప్టర్ డబ్బులు దండగ, కేబుల్ వేసుకో. క్యాట్ 6, పూర్తి రాగిది అడిగి కొను, అల్యూమినియం మీద రాగి పూత ఉన్నది అంటగట్టాలని చూస్తారు. 100 మీటర్ల దాకా ఢోకా లేదు. చివర ల్యాప్‌టాప్‌కి నేరుగా పెట్టుకో, లేదా పాత రౌటర్ ఏదైనా ఉంటే దాన్ని యాక్సెస్ పాయింట్‌గా, అంటే ఆ కేబుల్ నుంచి నీ గదిలో వైఫై పంచేదిగా పెట్టుకుంటే ఫోన్లకీ పనికొస్తుంది. తగిలించాక లింక్ 1 గిగాబిట్ రావాలి, 100 అనే చూపిస్తే, నీ ల్యాప్‌టాప్ పోర్టూ రౌటర్ పోర్టూ గిగాబిట్‌వి అయితే, కొసన క్లిప్పులో ఎనిమిది తీగల్లో ఏదో సరిగ్గా కూర్చోలేదని, మళ్లీ క్రింపు చేయించు. ఇంటి పొడుగు ఎంత?

పర్లాకిమిడి పెరటిగది:
అడుగులు వేసి కొలిచాను, నట్టింటి నుంచి నా గదికి సుమారు 18 మీటర్లు, అటక మీంచి తేవాలి కాబట్టి 25 కొంటాను. అటక మీద ఎలుకలున్నాయి మరి.

పాతపట్నం గట్టు:
పీవీసీ పైపులో దూర్చి లాగు. మా ఇంట్లో ముందు దూర్చకుండా వేశాం, మూడు నెలల్లో కొరికేశాయి, రెండోసారి వేసినప్పుడు దూర్చాం. పైపు లోపలికి నైలాను తాడు కూడా ఒకటి వదిలెయ్యి, ఎప్పుడైనా కేబుల్ మార్చాలంటే దానికి కట్టి లాగేసుకోవచ్చు.

పర్లాకిమిడి పెరటిగది:
ఆదివారం లాగుతాను. అమ్మ ఒక్కటే అడుగుతోంది, బీరువా మీద ఖాళీ అయింది కదా, ఊరగాయ జాడీ పెట్టుకోవచ్చా అని.

రాయగడ రిపేరు:
నిక్షేపంగా పెట్టుకోమను.