బుడమేరు పనులకి డబ్బులు ఏ ఖాతాలోంచి వస్తాయి? తెలిసినవాళ్లు చెప్పండి

పాయకాపురం వాసి:
అందరికీ నమస్కారం అండీ. మాది విజయవాడ. 2024 సెప్టెంబర్ 1న బుడమేరు వాగు పొంగి ఇల్లు మునిగి సామానంతా పోయింది, గ్రౌండ్ ఫ్లోర్ కాబట్టి గవర్నమెంటు 25 వేలు వేసింది, పై అంతస్తుల వాళ్లకి 10 వేలు, ఇవ్వలేదనట్లేదు. నా డౌటల్లా ఒకటే, మునిగాక పంచడానికి డబ్బులు వెంటనే దొరుకుతాయి గానీ మునక్కుండా గట్లు కాలవలు బాగుచేయమంటే డీపీఆర్ (పని సవివర నివేదిక) అంటారు, కేంద్రం అంటారు, ఏళ్లు గడిచిపోతాయి. రెండూ ఒక ఖజానా కాదా? అసలు ఎవర్ని అడగాలి? పార్టీల గొడవ మాత్రం వద్దు ప్లీజ్.

రిటైర్డ్ ఏఈ:
ఖజానా ఒకటే గానీ అరలు వేరండీ. సాయం వచ్చేది ఎక్కువగా రాష్ట్ర విపత్తు స్పందన నిధి, అదే ఎస్‌డీఆర్‌ఎఫ్ నుంచి, మన రాష్ట్రానికి అందులో కేంద్రం వాటా 75 శాతం, రాష్ట్రానిది 25. ఆ డబ్బు ముందే ఉంటుంది కాబట్టి త్వరగా కదుల్తుంది. 15వ ఆర్థిక సంఘం 2021-26కి దీన్ని రెండుగా విడగొట్టింది, 80 శాతం రెస్పాన్స్‌కి, 20 శాతం మిటిగేషన్‌కి, అంటే ముందుజాగ్రత్త పనులకి. ఆ 20 శాతం రాష్ట్రం మొత్తానికి, అన్ని రకాల విపత్తులకీ కలిపి. బుడమేరు లాంటి పెద్ద పనికి అదేం సరిపోతుంది, ఇరిగేషన్ బడ్జెట్‌లోంచో కేంద్ర పథకంలోంచో రావాల్సిందే.

ఇంకోటి, బుడమేరు నీళ్లని కృష్ణలోకి మళ్లించే డైవర్షన్ ఛానల్ డిజైన్ 15 వేల క్యూసెక్కులకి, ఆ రోజు వచ్చింది 35 వేల పైమాటే. ఎడమ గట్టుకి మూడు గండ్లు పడ్డాయి, వెలగలేరు రెగ్యులేటర్ గేట్లు ఎత్తితే ఆ నీళ్లు పాత బుడమేరులోంచి మీ మీదకే. పైగా అప్పుడే ప్రకాశం బ్యారేజీకి 11 లక్షల క్యూసెక్కులు దాటి వచ్చింది, కృష్ణ నిండుగా ఉంటే ఛానల్ నీళ్లు అందులో కలవవు, వెనక్కి తంతాయి. అందుకే వెడల్పు చేస్తే చాలదు, గట్లు కూడా లేపాలి.

ఖమ్మం కుర్రోడు:
మాకూ అదే రోజు మున్నేరు నది పొంగింది అన్నా, ప్రకాష్‌నగర్ బ్రిడ్జి మీద జనం ఇరుక్కుపోతే జేసీబీతో తెచ్చారు. 2023లోనూ వచ్చింది. రెండు పక్కలా గోడ అన్నారు, పని నత్తనడకే. అదే మీ కృష్ణలంక దగ్గర కృష్ణ ఒడ్డు గోడ చూడండి, రెండు గవర్నమెంట్ల టైంలో కట్టారు, అంత వరదకీ ఆగింది. అంటే డబ్బు ఒక్కటే కాదు, ఎవరు మొదలుపెట్టినా తర్వాత వచ్చినోళ్లు ఆపకుండా ఉండాలి.

కొల్లేరు గట్టు:
అందరూ బెజవాడ సంగతే మాట్లాడుతున్నారు. పాత బుడమేరు మీ ఊరు దాటి ఎనికేపాడు యూటీ (కాలవ కింద సొరంగం) లోంచి మా కొల్లేరుకే వస్తుంది, కొల్లేరు నుంచి సముద్రానికి దారి ఉప్పుటేరు ఒక్కటే. మీ వైపు పూడిక తీసి ఆక్రమణలు కొట్టేసి నీళ్లు స్పీడుగా కిందకి తోలితే మా చేలు ఎన్ని రోజులు మునగాలి? నిధులు అడిగితే ఉప్పుటేరుతో కలిపి అడగండి, లేదంటే మేం ఒప్పుకోం.

రిటైర్డ్ ఏఈ:
కొల్లేరు గారు కరెక్టే చెప్పారు, కింద నుంచి పైకి చేసుకుంటూ రావాలి. ఇంకా ఎవరూ పట్టించుకోనిది మెయింటెనెన్సు. కొత్త పనికి శంకుస్థాపన ఉంటుంది, గుర్రపుడెక్క తీయడానికి ఏముంటుంది చెప్పండి? వేసవిలో టెండర్ పిలవాలి, పాత బిల్లులు రాలేదని కాంట్రాక్టర్ రాడు, జూన్ వచ్చేస్తుంది. నా సర్వీసంతా ఇదే తంతు.

పాయకాపురం వాసి:
థాంక్స్ సార్. ఇప్పుడర్థమైంది, నేను ఇన్నాళ్లూ కార్పొరేషన్ వాళ్లని తిడుతున్నా 😀 మా అపార్ట్‌మెంట్ వాళ్లంతా కలిసి ఆర్‌టీఐ వేద్దామనుకుంటున్నాం, ఏం అడగమంటారు?

రిటైర్డ్ ఏఈ:
"బుడమేరుకి ఏం చేశారు" అని అడక్కండి, జవాబు రాదు. పని పేరు, పరిపాలనా అనుమతి జీవో నంబరు, ఏ హెడ్ (బడ్జెట్ పద్దు) కింద, ఎంత మంజూరు, ఎంత విడుదల, ఎంత ఖర్చు, పెండింగ్ బిల్లులెన్ని, విడివిడిగా అడగండి. జలవనరుల శాఖకి ఒకటి, విపత్తు నిర్వహణ సంస్థకి ఒకటి, రెండు వేరు వేరు అప్లికేషన్లు. మిటిగేషన్ ఫండ్ లెక్క రెండోవాళ్ల దగ్గరే అడగాలి.