చెదలు పుట్టదా, పుట్టవా?

తాటాకు: తాతగారి పట్టెమంచం విప్పుతుంటే ఒక కోడు దగ్గర పిండి రాలింది. నోటికి వేమన వచ్చేశాడు: ‘పుట్టలోని చెదలు పుట్టదా గిట్టదా’. మా ఆవిడ వెంటనే ‘పుట్టవా గిట్టవా’ అని దిద్దింది. ఏది సరి? పనిలో పనిగా, ఆ మంచం టేకో వేపో ఎలా పోల్చుకోవాలి? పాలిష్ నల్లగా పేరుకుపోయి ఏమీ తెలియడం లేదు.

ఆటవెలది: ఛందస్సు ఇక్కడ తీర్పు చెప్పదు. దా అన్నా వా అన్నా రగణమే, యతి పు-పు కుదిరింది. వ్యాకరణం మాత్రం మీ ఆవిడ పక్షం. పాలు, నీళ్ళలాగే చెదలు కూడా బహువచనం.

పడుగుపేక: మా ఊళ్ళో ‘పుస్తకాలకి చెదలు పట్టింది’ అంటాం. పట్టాయి అన్నవాణ్ణి చూడలేదు. మొదలు, పగలు లాంటి ఏకవచనం ఎందుక్కాకూడదు?

ఆటవెలది: అలా అయితే తేళ్ళు, కుందేళ్ళలాగా ‘చెదళ్ళు’ ఉండాలి కదండీ. విన్నారా ఎప్పుడైనా?

పడుగుపేక: వినలేదు, ఒప్పుకున్నా. కానీ ‘గుఱ్ఱములు పరుగెత్తెను’ అని రాసిన భాష మనది. బహువచనమే అనుకున్నా ‘దా’కి ఢోకా లేదు. బ్రౌన్ దొర 1829లో వేమనను అచ్చు వేయించడానికి ఎన్ని రాతప్రతులు ముందేసుకున్నాడో తెలుసుగా. అసలు పాఠం ఇదేనని తేల్చడం ఎవరి తరం?

కొయ్యగుర్రం: అయ్యా, పిండి రాలిందన్నారు. చెద పిండి రాల్చదు, మట్టి పూస్తుంది. గుండుసూది తలంత గుండ్రటి బెజ్జాలు ఉన్నాయేమో చూడండి. ఉంటే అది పుచ్చు. సంస్కృతంలో ఘుణం. మీకు గుర్తు రావాల్సింది ఘుణాక్షరన్యాయం (పురుగు తొలిచిన గీతలు అనుకోకుండా అక్షరాల్లా కనబడడం), వేమన కాదు. ఇక కర్ర సంగతి: కోడు అడుగున పాలిష్ తగలనిచోట చిన్న పెచ్చు తీయండి. టేకయితే బంగారం కలిసిన గోధుమరంగు, చేతికి నూనెజిడ్డు, తోలులాంటి వాసన. వేప కాస్త ఎరుపు తిరిగి ఉంటుంది, ఆ జిడ్డు ఉండదు.

తాటాకు: చూశాను మాస్టారూ, బెజ్జాలే. బయట రెండు వేళ్ళ మందాన తెల్లగా ఉన్నదంతా పిండైపోయింది. లోపల ముదురు రంగు, గోరు దిగడం లేదు. వాసనంటారా, పాత పాలిష్ వాసన తప్ప ఇంకేం రావడం లేదు.

కొయ్యగుర్రం: ఆ లోపలిదే చేవ. పుచ్చు దాని జోలికి పోదు. టేకయినా సరే, తెల్లభాగం మాత్రం దక్కదు. కాబట్టి పురుగు తిన్నదని టేకు కాదనడానికి లేదు.

పడుగుపేక: చేవకి చేగ అనే రూపం కూడా ఉంది. తీగ, తీవ చూడండి. తమిళులు చేవని వైరం అంటారు, వాళ్ళకి వజ్రమూ వైరమే. మనం ధైర్యానికి వాడుకుని, చేవ చచ్చినవాడని తిట్టడానికీ వాడుకున్నాం.

ఆటవెలది: గ ముందా, వ ముందా? నా ఓటు గకే.

పడుగుపేక: ఓట్లతో తేలేదైతే వేమన మీదే పెట్టేవాళ్ళం. అన్నట్టు అది వేప మంచమే అయితే, తినగ తినగ వేము ఆ పురుక్కి బాగానే తియ్యనయినట్టుంది.

తాటాకు: పురుగే మారిపోయాక ఇంకా ఆ పద్యం దేనికంటోంది మా ఆవిడ. ఇంతకీ పుచ్చు ఏకవచనమేనా?