గమ్ ప్రింటులో నీటిరంగు: పూయడమా, అద్దడమా, దిద్దడమా?

ప్రశ్న: గమ్ బైక్రోమేట్ ముద్రణ (జిగురు, రంగు, డైక్రోమేట్ కలిపి కాగితానికి పూసి, నెగటివ్ నుంచి ఫొటో దించే పద్ధతి) మీద తెలుగులో ఒక పాఠం తయారవుతోంది. కుంచెతో నీటిరంగు వేసే ప్రతిచోటా అందులో ‘అద్దడం’ అని పడింది. ఆ మాట సరిపోతుందా? ‘పూయడం’ నయమా? ‘బైక్రోమేట్’, ‘డైక్రోమేట్’ రెండూ కనిపిస్తున్నాయి, ఏది ఉంచాలి?

జవాబు: రెండోది తేలిక. రెండూ ఒకే రసాయనం, బైక్రోమేట్ పాత పేరు. పద్ధతి పేరులో పాతదే ఉంచి, సీసా మీది మందుకు డైక్రోమేట్ అని రాయండి.

మొదటిదాన్ని మాత్రం తేలిగ్గా తీసుకోవద్దండీ, మాట తప్పితే ప్రింటు పాడవుతుంది. ఈ పద్ధతిలో రంగును కాగితం మీద నిలిపేది గట్టిపడిన జిగురు. అతినీలలోహిత కాంతి తగిలినచోట డైక్రోమేట్‌లోని క్రోమియం మారి జిగురును ముడివేస్తుంది. అక్కడ జిగురు ఇక నీటిలో కరగదు, రంగు అందులోనే చిక్కుకుంటుంది. నెగటివ్ కాంతిని ఆపినచోట జిగురు కరిగి, రంగునూ వెంట తీసుకుపోతుంది. అందుకే కాంతికి ముందు కుంచె చేసే పని వేరు, తరవాత చేసే పని వేరు.

ముందరిది పూత. 10 మి.లీ. గమ్ అరబిక్ (ఈ పద్ధతిలో వాడే చెట్టు జిగురు) ద్రావణంలో సుమారు 1 గ్రా. ట్యూబు రంగు నూరి, 10 శాతం పొటాషియం డైక్రోమేట్ ద్రావణం 10 మి.లీ. కలపాలి. వెడల్పాటి మెత్తని కుంచెతో అడ్డంగా, వెంటనే నిలువుగా, పలచగా లాగాలి. జిగురు బంకసాగడం మొదలైతే కుంచె ఆపెయ్యాలి. ‘అద్దండి’ అంటే చదివినవారు ముంచి ఒత్తుతారు, ఒక్కోచోట పూత మందమవుతుంది. కాంతి పైనుంచి వస్తుంది కదా, మందమైనచోట అడుగుదాకా దిగదు. పైపొర గట్టిపడినా కాగితానికి అంటిన పొర మెత్తగా మిగిలి, నీళ్లలో పెచ్చులుగా ఊడిపోతుంది.

మరో జవాబు: ఒకే పూతలో ఆకాశానికి నీలం, నేలకు గోధుమరంగు చేత్తో వేసే ప్రయోగం ఉంది. అదీ పూతే. దానికి ‘విడిరంగుల పూత’ అని పేరు పెట్టుకోవచ్చు. రంగులను వేరువేరు గిన్నెల్లో కలిపినా, జిగురూ డైక్రోమేట్ పాళ్లు మారకూడదు. అంచులు తడిగా ఉండగానే కలిపేయాలి, ఆరాక కలిపితే గీత మిగులుతుంది. ముదురు రంగు కాంతిని ఎక్కువ మింగుతుంది కాబట్టి ఒకే ఎక్స్‌పోజరుకు ఒకవైపు నిలిచి, మరోవైపు కొట్టుకుపోవచ్చు. అలా జరిగితే ముదురువైపు రంగు పాలు తగ్గించండి. అప్పటికీ కుదరకపోతే రెండు పూతలుగా విడదీసి, నెగటివ్ మళ్లీ అదేచోట కూర్చునేలా గుర్తులు పెట్టుకోండి. కాగితాన్ని ముందే వేడినీళ్లలో నానబెట్టి ముడుచుకోనివ్వకపోతే రెండో పూతకు ఆ గుర్తులు కలవవు.

ప్రశ్న అడిగినవారు: మరి ప్రింటు ఆరాక వేసే రంగు? నీళ్లలో ఉండగా కుంచె తగిలించడం?

జవాబు: ఆరాక వేసేది ‘దిద్దడం’. అక్షరం దిద్దినట్టే ఉన్న రూపం మీద చెయ్యి నడుస్తుంది, ఇంతకన్నా మంచి మాట దొరకదు. అయితే ఆ రంగు కాంతికి గట్టిపడింది కాదు, తడి తగిలితే కదులుతుంది. అందుకే చివరి పూత, మెటాబైసల్ఫైట్ అనే రసాయనంతో డైక్రోమేట్ మిగిల్చిన పసుపు మరక తీయడం, కడుగుడు అన్నీ అయ్యాకే దిద్దాలి. దానిమీద ఇంకో పూత వేయాలంటే ఆ రంగును దిద్దకుండా డైక్రోమేట్ జిగురులోనే కలిపి, పూతగా వేసి, కాంతి చూపించాలి.

నీళ్లలో కుంచె చేసేది ఇందుకు పూర్తిగా ఎదురు పని. అక్కడ రంగు వేయరు, తీస్తారు. 1890ల్లో ఫ్రెంచి ఫొటోగ్రాఫర్ రాబర్ట్ డెమాషీ వంటివారు చిత్రాన్ని మలచుకున్నది అలాగే. దాన్ని ‘కుంచెతో తీయడం’ అని తిన్నగా రాసేయండి.

మరో జవాబు: గమ్ అరబిక్‌ను ‘తుమ్మబంక’ అని మార్చకండి. కొలతలన్నీ అకేసియా సెనెగల్ చెట్టు జిగురుకు, సుమారు 14 బోమే డిగ్రీల (ద్రావణం చిక్కదనాన్ని చెప్పే కొలమానం) సాంద్రతకు చెప్పినవి. తుమ్మబంక అంటే నల్లతుమ్మ జిగురు తెచ్చుకుంటారు.

ఇంకొకటి. ‘నీటిరంగు’ అనగానే చేతులతో ముట్టుకోవచ్చనిపిస్తుంది. పూతలో ఉన్నది ఆరు సంయోజకత గల క్రోమియం, క్యాన్సర్ కారకం. పూత అన్న ప్రతిచోటా చేతితొడుగులు అని రాయండి, పూతకు వాడిన కుంచెతో దిద్దవద్దని కూడా.